గది వేడి, ఒంటి హద్దు: యోగా చేసే గది ఎన్ని డిగ్రీలుండాలి?

ముందు మీరు అడిగింది నాకెలా అర్థమైందో చెప్తాను. ఇంట్లో ఏడాదిగా రోజూ గంటసేపు యోగా చేస్తున్నారు. ఎండాకాలంలో ఒళ్లు చక్కగా వంగుతోంది గానీ సగంలోనే నీరసం వస్తోంది, పాదహస్తాసనం (నిలబడి ముందుకు వంగి నేలను తాకడం) నుంచి పైకి లేస్తే కళ్లు తిరుగుతున్నాయి. చలికాలంలో ఆ గొడవ లేదు గానీ ఒళ్లు కర్రలా ఉంటోంది, చేతివేళ్లు నేలకు జానెడు పైనే ఆగిపోతున్నాయి. ఏసీ వేసుకోవచ్చా, హీటర్ పెట్టుకోవచ్చా, హాట్ యోగాతో, అంటే బాగా వేడి చేసిన గదిలో చేసే యోగాతో, బరువు తొందరగా తగ్గుతారట నిజమేనా, అసలు గది ఎన్ని డిగ్రీలుండాలి? ఇవీ మీ సందేహాలు.

అంకె అడిగారు కాబట్టి అంకె ముందే ఇచ్చేస్తాను. సూర్య నమస్కారాలు, నిలబడి వేసే ఆసనాలు ఎక్కువగా ఉన్న రోజు 21 నుంచి 24 డిగ్రీలు. ఒక్కో ఆసనంలో రెండు మూడు నిమిషాలు ఉండిపోయే నెమ్మది సాధనకి 24 నుంచి 27. చివర్లో శవాసనానికి, ధ్యానానికి ఇంకో రెండు డిగ్రీలు ఎక్కువ ఉండాలి, లేదంటే ఒక దుప్పటి. ఇవన్నీ సెల్సియస్ లెక్కలు, గాలిలో తేమ మరీ ఎక్కువ లేనప్పటి మాట. 22 ఏళ్లుగా నేర్పుతూ నాకు కుదిరిన అంకెలు ఇవి. మీకు ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూ అయితే కంగారేం లేదు.

అయితే అంకె దగ్గరే ఆగిపోతే మీకు సగం జవాబే దొరికినట్టు. గది వేడి కండరాన్ని మార్చేది కొంతే. అంతకంటే ఎక్కువగా, "ఇక చాలు, ఆగు" అని ఒళ్లు పంపే కబురును మారుస్తుంది. వేడిలో ఆ కబురు ఆలస్యంగా వస్తుంది, చలిలో మరీ తొందరగా వచ్చేస్తుంది. మీ తొడ వెనక కండరం పొడవు ఎండాకాలంలోనూ చలికాలంలోనూ దాదాపు ఒకటే. దాన్ని ఎంతవరకు లాగనివ్వాలో తేల్చే కాపలాదారు మాత్రం గదిని బట్టి ఒకసారి కునుకు తీస్తాడు, ఒకసారి ఊరికే కేకలేస్తాడు.

ఇది నాకు బాగా తెలిసొచ్చిన రోజు ఒకటుంది. చాలా ఏళ్ల కిందట మూడేళ్ల పాటు ఒక వేడి గది స్టూడియోలో నేర్పాను. 40 డిగ్రీలు, అద్దాల నిండా ఆవిరి. ఒక రోజు క్లాసు అయిపోయాక, ఒళ్లంతా మైనంలా ఉందనిపించి హనుమానాసనంలోకి (ఒక కాలు ముందుకీ ఇంకోటి వెనక్కీ నేలమీద చాచి కూర్చోవడం) జారాను. అంతకుముందు ఎప్పుడూ నేలకు నాలుగు వేళ్ల పైనే ఆగిపోయేదాన్ని. ఆ రోజు కటి నేలకు ఆనింది. నొప్పి లేదు, చురుక్కుమనలేదు, ఏమీ లేదు. ఎంత సంతోషించానో! మర్నాడు పొద్దున కుర్చీలో కూర్చోబోతే కుడి పిరుదు కింద, కూర్చుంటే ఆనుకునే ఎముక దగ్గర, ఎవరో రాయి పెట్టినట్టు అనిపించింది. తొడ వెనక కండరాన్ని ఆ ఎముకకు కట్టి ఉంచే టెండన్ దెబ్బతింది. మామూలుగా ముందుకు వంగడానికి ఎనిమిది నెలలు పట్టింది. చల్లటి గదిలో అయితే నా ఒళ్లు నాలుగు వేళ్ల పైనే నన్ను ఆపేసేది. ఆ వేడిలో ఆపేవాళ్లు లేకపోయారు.

యోగా టీచర్లలో ఈ పిరుదు ఎముక నొప్పి చాలామందికి ఉంటుంది. చెప్పుకోరు, అంతే.

ఇంతకీ లోపల ఏం జరుగుతుందంటే, మన ఒంటి లోపలి వేడి 37 డిగ్రీల దగ్గర ఉన్నా చేతులూ కాళ్లూ అంత వేడిగా ఉండవు. చల్లటి గదిలో కూర్చుని లేస్తే కాళ్ల కండరాలు లోపలి కంటే మూడు నాలుగు డిగ్రీలు తక్కువే ఉండొచ్చు. చల్లబడిన కండరం, దాని చుట్టూ ఉండే పొర గట్టిగా ఉంటాయి, కీళ్ల మధ్య జిగురు చిక్కబడుతుంది. నరాల్లో కబుర్లు కూడా నెమ్మదిస్తాయి: ఒక్క డిగ్రీ తగ్గితే వేగం సెకనుకు దాదాపు 1.5 నుంచి 2 మీటర్లు పడిపోతుంది. అందుకే చలిలో పొద్దున్నే ఒంటికాలి మీద నిలబడే వృక్షాసనం వేస్తే కాలు వణుకుతుంది. మీ ఏకాగ్రత తగ్గిందని దిగులు పడకండి. అరికాలు చల్లగా, మొద్దుగా ఉంటే నేల ఎటు ఒరుగుతోందో మెదడుకు సరిగ్గా అందదు. ఒక చిన్న ప్రయోగం చేసి చూడండి. అరికాళ్లను రెండు నిమిషాలు చేతులతో గట్టిగా రుద్ది, మళ్లీ అదే ఆసనం వేయండి. తేడా అక్కడికక్కడే తెలుస్తుంది.

వేడికి ఇదంతా తిరగబడుతుంది. కండరం మెత్తబడుతుంది, సాగదీసినప్పటి నొప్పి తక్కువగా తెలుస్తుంది. కానీ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. కొన్ని వారాల సాగదీతతో మనకు పెరిగే వంపులో ఎక్కువ భాగం కండరం నిజంగా పొడవవడం వల్ల రాదు, ఆ లాగుడును ఓర్చుకోవడం అలవాటవడం వల్ల వస్తుంది. వేడి గది ఆ ఓర్పును ఒక గంటకు అరువిస్తుంది. గది చల్లారాక వంపు వెనక్కి పోతుంది. అందుకే నా దగ్గరికి వచ్చేవాళ్లకు ఒకటే చెప్తాను: వేడి రోజు వచ్చిన వంపును మీ ఖాతాలో వేసుకోకండి. మామూలు గదిలో, మామూలు రోజున, వరసగా నాలుగు సార్లు వస్తే అది మీది. ఒళ్లు ముందే బాగా వంగేవాళ్లు, మోచేతులు మోకాళ్లు వెనక్కి కూడా వంగేవాళ్లు వేడిలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. వాళ్ల విషయంలో సాగేది కండరం ఒక్కటే అయితే ఫర్వాలేదు. కీలును పట్టి ఉంచే లిగమెంట్ సాగితే అది మళ్లీ బిగుసుకోదు.

ఇక మీ కళ్లు తిరగడం. దీనికీ వంపుకీ సంబంధం లేదు, ఇది పూర్తిగా రక్తం సంగతి.

చర్మం మామూలుగా 33, 34 డిగ్రీలు ఉంటుంది. గది 24 ఉంటే ఒంట్లో పుట్టే వేడి దానంతట అదే గాలిలోకి, గోడల వైపుకి పోతూ ఉంటుంది. గది 35 దాటిందంటే ఆ దారి మూసుకుపోయినట్టే, పైగా గాలే మనకు వేడి ఎక్కిస్తుంది. మిగిలేది చెమట ఆరడం ఒక్కటే. లీటరు చెమట పూర్తిగా ఆరితే దాదాపు 580 కిలో కేలరీల వేడిని తీసుకుపోతుంది, మంచి యంత్రమే. కాకపోతే అది ఆరాలి. మ్యాట్ మీద టపటపా రాలిన చెమట ఏ చల్లదనమూ ఇవ్వదు, ఒంట్లో నీళ్లు పోవడం తప్ప. ఉక్కపోతగా ఉన్న 32 డిగ్రీల గది పొడిగా ఉన్న 36 డిగ్రీల గది కంటే కష్టంగా ఉండేది ఇందుకే. థర్మామీటర్ ఒక్కటే చూస్తే మోసపోతాం, తేమ కూడా చూపించే చిన్న మీటర్ ఒకటి గదిలో పెట్టుకోండి.

వేడిని బయటికి పంపడానికి ఒళ్లు రక్తాన్ని చర్మం వైపు తోస్తుంది. మామూలుగా చర్మానికి నిమిషానికి అర లీటరు కూడా వెళ్లదు, తీవ్రమైన వేడిలో అది 6 నుంచి 8 లీటర్ల దాకా పోగలదు. విశ్రాంతిగా ఉన్నప్పుడు గుండె మొత్తం పంపేదే నిమిషానికి 5 లీటర్లు. అంటే గుండె పరుగు పెట్టాల్సిందే. ఒకపక్క చర్మం రక్తాన్ని లాగేసుకుంటోంది, ఇంకోపక్క చెమటగా నీళ్లు పోయి రక్తమే కాస్త తగ్గింది. ఆ స్థితిలో మీరు తల కిందకి వేలాడేసి ఒక నిమిషం ఉండి టక్కున లేచారు. రక్తం కాళ్లలోకి, విచ్చుకున్న చర్మపు నాళాల్లోకి జారిపోతుంది, మెదడుకు రెండు మూడు సెకన్లు సరిపడా అందదు. అదే మీకు కళ్లు తిరగడం.

కాబట్టి ఎండాకాలంలో పాదహస్తాసనం నుంచి లేచేటప్పుడు మోకాళ్లు వంచి, చేతులు తొడల మీద ఆనించి, ముందు సగం లేచి, అక్కడ రెండు శ్వాసలు ఆగి, అప్పుడు పూర్తిగా నిలబడండి. మోకాళ్ల మీద నిలబడి వెనక్కి వంగే ఉష్ట్రాసనం నుంచి వచ్చాక వెంటనే నిలబడకుండా కాసేపు మోకాళ్ల మీదే కూర్చోండి. ఇలా చేశాక కూడా తిరుగుతుంటే, లేదా గది చల్లగా ఉన్న రోజుల్లోనూ తిరుగుతుంటే, అది గది సమస్య కాదు. బీపీ, రక్తం పరీక్షలు చేయించుకోండి.

వేడిలో గుండె దడదడలాడుతుంటే "ఎంత బాగా పనిచేశాను" అనిపిస్తుంది. బరువు తగ్గడం గురించిన భ్రమ అంతా ఇక్కడే పుడుతుంది. గుండె వేగం పెరిగింది కండరాల పని కోసం కాదు, ఒంటిని చల్లబరచడానికి. కేలరీలు ఖర్చయ్యేది కండరాల్లో. క్లాసుకి ముందూ తర్వాతా బరువు చూసుకుని కిలో తగ్గానని మురిసిపోయే వాళ్లు ఉంటారు. కిలో అంటే లీటరు చెమట. రెండు సార్లు నీళ్ల సీసా ఎత్తితే తిరిగొచ్చేస్తుంది.

దీనిమీద లెక్కలు కూడా ఉన్నాయి. హాట్ యోగాలో బాగా పేరున్నది బిక్రమ్ చౌదరి అమెరికాలో 1970ల నుంచి ప్రచారం చేసిన పద్ధతి: 26 ఆసనాలు, రెండు శ్వాస అభ్యాసాలు, 90 నిమిషాలు, దాదాపు 40 డిగ్రీల గది, 40 శాతం తేమ. కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో బ్రయాన్ ట్రేసీ బృందం దీన్ని కొలిచింది. 90 నిమిషాలకు సగటున పురుషులకు 460, స్త్రీలకు 330 కిలో కేలరీలు ఖర్చయ్యాయి. చురుగ్గా నడిచినా అంతే ఖర్చవుతుంది. అదే బృందం 2013లో ప్రచురించిన ఎనిమిది వారాల పరిశీలనలో బలం, వంపు కాస్త పెరిగాయి, దమ్ము మాత్రం పెరగలేదు. టెక్సస్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు 2018లో చేసిన పని నాకు ఇంకా నచ్చింది. అవే ఆసనాలను ఒక గుంపుతో 40.5 డిగ్రీల్లో, ఇంకో గుంపుతో 23 డిగ్రీల్లో 12 వారాలు చేయించారు. రక్తనాళాల పనితీరు రెండు గుంపుల్లోనూ మెరుగుపడింది. మేలు చేసింది ఆసనాలు, పేరు కొట్టేసింది వేడి అన్నమాట.

మరి వేడి వల్ల ఏ ఉపయోగమూ లేదా అంటే, అలా కొట్టిపారేయలేను. వేడి గదిలో గంటన్నర గడిపి బయటికొచ్చాక మనసు ఎంత తేలిగ్గా ఉంటుందో మూడేళ్లు అనుభవించినదాన్ని. డిప్రెషన్ ఉన్నవాళ్లతో బోస్టన్‌లో మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ వాళ్లు చేసి 2023లో ప్రచురించిన ఎనిమిది వారాల పరిశీలనలో వేడి యోగా చేసినవాళ్లకు లక్షణాలు బాగా తగ్గాయి. అయితే పోల్చింది ఏమీ చేయకుండా తమ వంతు కోసం ఎదురుచూస్తున్న వాళ్లతో. అందువల్ల అందులో వేడి వాటా ఎంతో, యోగా వాటా ఎంతో, నలుగురితో కలిసి కూర్చున్న వాటా ఎంతో విడదీయలేం. వేడి అలవాటయ్యే కొద్దీ ఒళ్లు కూడా నేర్చుకుంటుంది. 10 నుంచి 14 రోజుల్లో చెమట త్వరగా మొదలవుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది, రక్తంలో నీటి భాగం పెరుగుతుంది. మూడు నాలుగు వారాలు మానేస్తే ఆ నేర్పు పోతుంది. అందుకే నెల గ్యాప్ తర్వాత నేరుగా పాత జోరుతో వేడి గదిలోకి దిగేవాళ్లే ఎక్కువ ఇబ్బంది పడుతుంటారు.

ఇంకో పక్క చూస్తే, అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎక్సర్‌సైజ్ 2015లో చేయించిన పరీక్షలో 40 డిగ్రీల క్లాసు చివరికి ఒంటి లోపలి వేడి సగటున పురుషుల్లో 39.6, స్త్రీలలో 38.9 డిగ్రీలకు చేరింది. ఒకరికి 40 దాటింది. జ్వరం వచ్చి 39.6 ఉంటే మనం మంచం దిగం కదా. అక్కడ మాత్రం ఒంటికాలి మీద నిలబడతాం.

కొందరు ఈ ప్రయోగమే చేయకూడదు. గర్భిణులు, ముఖ్యంగా మొదటి మూడు నెలల్లో, వేడి గదికి దూరంగా ఉండాలి. ఒంటి లోపలి వేడి 39 దగ్గరికి చేరితే బిడ్డ వెన్నుపాము ఏర్పడే దశకు ప్రమాదం. మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు ఉన్నవాళ్లకు కాస్త వేడెక్కినా లక్షణాలు ముదురుతాయి. గుండె జబ్బు ఉన్నవాళ్లు, నీరు తీసే బీపీ మాత్రలు, గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్లు, కొన్ని డిప్రెషన్ మందులు, అలర్జీ మందులు వాడేవాళ్లు డాక్టర్ని అడగకుండా వెళ్లకూడదు. ఇన్సులిన్ తీసుకునేవాళ్లకు వేడిలో అది రక్తంలోకి వేగంగా కలుస్తుంది, షుగర్ పడిపోవచ్చు. నీళ్ల విషయంలో భయపడి గటగటా లీటర్లు తాగడం కూడా తప్పే. వేడి యోగా చేసి, నీళ్లు అతిగా తాగి, రక్తంలో సోడియం పడిపోయి మూర్ఛ వచ్చిన ఉదంతం వైద్య పత్రికల్లో ఉంది. దాహం వేసినంత తాగండి. గంటకు మించి చెమటలు కారితే అందులో చిటికెడు ఉప్పు పడనివ్వండి.

"మన పాత యోగం కూడా చెమట పట్టించమందిగా" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. అందులో నిజం సగమే ఉంది. హఠయోగ ప్రదీపిక అనే పాత యోగ గ్రంథంలో శ్రమ వల్ల పట్టిన చెమటతో ఒళ్లు రుద్దుకోమని ఉంది, దానివల్ల ఒంటికి దారుఢ్యం, తేలికదనం వస్తాయని. అక్కడ చెప్పింది ప్రాణాయామ శ్రమతో లోపలి నుంచి పుట్టిన చెమట. అదే గ్రంథం సాధన కుటీరం ఎలా ఉండాలో చెబుతూ విల్లంత దూరంలో రాయి, నిప్పు, నీరు లేని చోటు చూసుకోమంది. నిప్పు పక్కన వద్దన్నవాళ్లు హీటర్లు పెట్టమన్నారని ఎలా అనుకుంటాం? ఘేరండ సంహిత అనే ఇంకో పాత యోగ గ్రంథం ఇంకా సూటిగా చెప్పింది: హేమంత, శిశిర, గ్రీష్మ, వర్ష ఋతువుల్లో యోగాభ్యాసం మొదలుపెట్టొద్దు, వసంతంలో గాని శరత్తులో గాని మొదలుపెట్టాలి. మరీ చలి, మరీ ఎండ, మరీ తేమ ఉన్న రోజులన్నీ పక్కన పెట్టేసి, మిగిలిన హాయి రోజుల్ని కొత్తవాళ్లకు ఇచ్చారు. కొత్తవాళ్లకు తమ ఒంటి కబురు ఇంకా చదవడం రాదు కాబట్టి, ఆ కబురు సరిగ్గా వినిపించే ఋతువులో మొదలుపెట్టమన్నారని నేను అర్థం చేసుకుంటాను.

ఇప్పుడు మీ చలికాలం. ఒక విధంగా చలి గది నిజాయితీ గలది, ఉన్న బిగువును దాచదు. కాకపోతే కాస్త గోరంతలు కొండంతలు చేస్తుంది. దానికి హీటర్ కంటే మంచి మందు ఒంటిని లోపలి నుంచి వేడెక్కించడం. 18 డిగ్రీల గదిలో నేను మొదటి 20 నిమిషాలు సాగదీసే ఆసనం ఒక్కటి కూడా వేయించను. కీళ్లు తిప్పడం, మార్జాలాసనంలో వెన్ను పైకీ కిందికీ ఆడించడం, ఆ తర్వాత నెమ్మదిగా సూర్య నమస్కారాలు, మొదటి నాలుగైదు మోకాళ్లు వంచే. ముక్కు కొస వెచ్చబడి, వీపు మధ్యలో సన్నటి చెమ్మ తగిలితే లోపల పొయ్యి అంటుకున్నట్టు. అప్పుడు కూర్చుని ముందుకు వంగే పశ్చిమోత్తానాసనంలోకి వెళ్లండి. బయటి వేడితో మెత్తబడ్డ కండరానికి, పని చేసి మెత్తబడ్డ కండరానికి తేడా ఉంది. రెండోదానిలో నరం కూడా మేలుకుని ఉంటుంది, కాపలాదారు డ్యూటీలో ఉంటాడు.

చలి ఒక్కటే కారణం అనుకోకండి, వేళ కూడా చూసుకోండి. మన లోపలి వేడి తెల్లవారుజామున నాలుగైదు గంటలకు అన్నిటికంటే తక్కువగా, సాయంత్రం ఎక్కువగా ఉంటుంది. తేడా అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ. పైగా రాత్రంతా పడుకోవడంతో వెన్నుపూసల మధ్య డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బి ఉంటాయి, లేచిన మొదటి గంటలో ముందుకు బాగా వంగితే వాటిమీద ఒత్తిడి ఎక్కువ. చలికాలం ఐదు గంటలకు పాదహస్తాసనంలో వేళ్లు జానెడు పైన ఆగడం మీ తప్పు కాదు. అదే గదిలో, అదే డిగ్రీలలో, సాయంత్రం ఆరింటికి కొలిచి చూడండి.

నేల సంగతి ఎవరూ పట్టించుకోరు గానీ నా ఉద్దేశంలో చలికాలంలో గాలి కంటే నేలే ముఖ్యం. రాతి నేల, టైల్స్ ఒంటి వేడిని కర్ర నేల కంటే చాలా వేగంగా లాగేస్తాయి. గాలి 23 ఉన్నా పల్చటి మ్యాట్ కింద రాయి ఉంటే శవాసనంలో నడుము కింద చల్లదనం పాకుతుంది. మ్యాట్ కింద మడతపెట్టిన దుప్పటి వేస్తే హీటర్ అవసరం సగం తగ్గుతుంది. కాకపోతే నిలబడి చేసే ఆసనాలకు దుప్పటి తీసేయాలి, మెత్తదనానికి చీలమండ తొణుకుతుంది. వేడిలో ఇంకో రకం గొడవ: అరచేతులు చెమటతో జారి అధోముఖ శ్వానాసనంలో (అరచేతులూ పాదాలూ నేలకు ఆనించి నడుము పైకెత్తడం) భుజాలు బిగబట్టాల్సి వస్తుంది. మ్యాట్ మీద నూలు టవల్ పరుచుకుని, ముందే కాస్త తడిపితే పట్టు దొరుకుతుంది.

ఏసీ వేసుకోవచ్చు, తప్పేం లేదు. గాలి నేరుగా మెడకీ నడుముకీ తగలకూడదు, అంతే. చెమట పట్టిన చర్మం మీద ఒక్కచోటే చల్లగాలి కొడితే అక్కడి కండరం బిగుసుకుంటుంది. 26లో పెట్టి, ఫ్యాన్ సన్నగా తిప్పుకుంటే 23లో ఏసీ ఒక్కటే పెట్టినంత హాయిగా ఉంటుంది. ఫ్యాన్‌తో ఒక మోసం ఉంది: చెమట పట్టినట్టే ఆరిపోతుంది కాబట్టి నీళ్లు పోవట్లేదనుకుంటాం. పోతూనే ఉంటాయి. గది 36, 37 దాటి గాలి పొడిగా ఉంటే ఫ్యాన్ ఒంటిమీదికి వేడి గాలే తోస్తుంది. ఆ రోజు ఆసనాలు తగ్గించి తెల్లవారుజామున చేసుకోవడమే నయం.

క్లాసులో చేసేవాళ్లకు ఒక చిన్న లెక్క. ఆసనాలు వేస్తున్న మనిషి ఒంటి నుంచి దాదాపు 200 వాట్ల వేడి వస్తుంది. 20 మంది ఉంటే 4 కిలోవాట్లు, అంటే గదిలో రెండు హీటర్లు వేసినట్టు. అందుకే మొదలుపెట్టేటప్పుడు హాయిగా ఉన్న గది అరగంటకు ఉక్కపోస్తుంది. నేను ఎప్పుడూ "కాస్త చలిగా ఉందే" అనిపించే దగ్గరే క్లాసు మొదలుపెడతాను. మీరు ఒక్కరే చేస్తారు కాబట్టి మీకు ఈ సమస్య లేదు, కానీ థర్మామీటర్ మాత్రం తల ఎత్తున గోడకి కాకుండా మ్యాట్ పక్కన పెట్టి చూడండి. వేడి గాలి పైకి పోతుంది. హీటర్ వేసిన గదిలో తల దగ్గరికీ నేల దగ్గరికీ మూడు నాలుగు డిగ్రీల తేడా రావడం మామూలే.

ప్రాణాయామం గురించి మీరు అడగలేదు, అయినా చెప్పాలి. ముక్కుతో పీల్చే గాలిని ముక్కే వెచ్చబరిచి, తడిపి లోపలికి పంపుతుంది. మామూలు శ్వాసకు అది చాలు. చల్లటి పొడి గాలిలో భస్త్రిక, కపాలభాతి లాంటి జోరు శ్వాసలు వేగంగా చేస్తే ఆ పని ముక్కు వల్ల కాదు. ఆస్తమా ఉన్నవాళ్లకు గొట్టాలు బిగుసుకుని దగ్గు మొదలవుతుంది. వాటిని చలి రోజుల్లో ఆసనాల తర్వాత, నెమ్మదిగా చేయాలి. వేడిలో అవి రెండూ మానేయడం మంచిది. నాలుకను గొట్టంలా చుట్టి గాలి పీల్చే శీతలి చేస్తే నాలుక మీద తడి ఆరి నోటికి చల్లగా తెలుస్తుంది, మనసుకూ బాగుంటుంది. కానీ ఉక్కపోతలో ఆరేది తక్కువ, చల్లదనమూ తక్కువే. దాంతో ఒంటి వేడి దించేయొచ్చనుకుని ఎండలో ఎక్కువసేపు సాధన చేయకండి.

ఇక శవాసనం. గది సరిగ్గా ఉందో లేదో చెప్పే అసలు పరీక్ష ఇదే. కదులుతున్నంతసేపూ ఒళ్లు పొయ్యిలా ఉంటుంది, పడుకున్న మూడో నిమిషానికి పొయ్యి ఆరిపోతుంది, చెమట మాత్రం ఇంకా ఆరుతూనే ఉంటుంది. క్లాసులో నేను అప్పుడు మొహాలు చూడను, మోచేతి పైభాగం చూస్తాను. అక్కడ రోమాలు నిక్కబొడుచుకుని ఉంటే ఆ మనిషి విశ్రాంతి తీసుకోవట్లేదు, చలితో పోరాడుతున్నాడు. బొటనవేళ్లు లోపలికి ముడుచుకుంటాయి, భుజాలు చెవుల వైపు కదులుతాయి. అందుకే పడుకునే ముందు తడి బట్ట మార్చుకోండి, లేదా పొడి టవల్‌తో వీపు ఒత్తుకోండి. పాదాలకు మేజోళ్లు, పొట్ట మీద దుప్పటి. ఎండాకాలంలో కూడా పల్చటి గుడ్డ ఒకటి అందుబాటులో పెట్టుకోవాలి.

హీటర్ పెట్టుకుంటానంటే, కరెంటుది అయితే సాధనకు 20 నిమిషాల ముందు వేసి, 20 డిగ్రీలు దాటాక తగ్గించేయండి. ఎర్రగా కాలే తీగల రకం మ్యాట్‌కీ దుప్పటికీ బాగా దూరంగా ఉండాలి. గ్యాస్‌తో గాని బొగ్గుతో గాని మండేది మాత్రం మూసిన గదిలో వద్దేవద్దు. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. తలనొప్పి, మగత వచ్చినా శవాసనం బాగా కుదిరిందనుకుని పడుకునే ఉంటాం.